సి-పెప్టైడు లెక్క ఎక్కడ తప్పుతుంది?

రక్తంలో చక్కెర ఎంత ఉందో చెప్పే పరీక్ష యానాం పట్టణానికీ, దాన్ని ఆనుకొని ఉన్న కనకాలపేటకూ ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. వేలి కొస నుంచి తీసిన ఒక్క చుక్కతో కొన్ని సెకన్లలోనే అంకె తెర మీదికి వస్తుంది. అయితే ఆ అంకె చెప్పని సంగతి ఒకటుంది. పరగడుపున డెసిలీటరుకు 260 మిల్లీగ్రాముల చక్కెర తేలిన ఇద్దరిలో ఒకరికి మాత్రలూ ఆహార నియమమూ చాలవచ్చు, మరొకరికి ఇన్సులిన్ సూది నాలుగు రోజులు మానితే ప్రాణం మీదికి రావచ్చు. ఇద్దరి చక్కెరా ఒకటే అయినప్పుడు వైద్యం ఎందుకు వేరవుతుందన్న ప్రశ్నకు జవాబు చక్కెరలో దొరకదు. క్లోమం ఇంకా ఇన్సులిన్ తయారు చేస్తున్నదా, చేస్తే ఎంత చేస్తున్నది అన్నది తెలిస్తేనే దొరుకుతుంది. ఆ సమాచారాన్ని మోసుకొచ్చేది ప్లాస్మాలో అతి స్వల్పంగా ఉండే సి-పెప్టైడు అనే చిన్న అణువు. దాన్ని నమ్మదగిన రీతిలో కొలవడానికి ద్రవ క్రోమటోగ్రఫీ ప్రమాణ పద్ధతిగా నిలిచింది.

ఈ ప్రశ్న ఈ ప్రాంతానికి పరాయిది కాదు. దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, పెద్దల్లో మధుమేహం ఉన్నవారి దేశ సగటు 11.4 శాతం కాగా, 26.4 శాతంతో గోవా మొదటి స్థానంలోనూ 26.3 శాతంతో పుదుచ్చేరి రెండో స్థానంలోనూ నిలిచాయి. యానాం పుదుచ్చేరిలో భాగమే గాని, రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి ఒడ్డున ఉన్నందువల్ల ఆ అంకెను కనకాలపేటకు యథాతథంగా అంటగట్టకూడదు. చుట్టుపక్కల పల్లెల సంగతి అంతకుముందే కొంత తెలుసు: ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో జరిగి 2006లో ప్రచురితమైన అధ్యయనంలో, 30 ఏళ్లు నిండినవారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. ఇంతమందిలో అత్యధికులది రెండో రకమే అయినా, చిన్న వయసులో బక్కపలచని మనిషికి వచ్చినది ఏ రకమో తేల్చడం అనుభవజ్ఞుడైన వైద్యుడికి కూడా తేలిక కాదు. పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025లో అయిదో రకంగా గుర్తించిన తరువాత ఆ చిక్కు మరింత స్పష్టంగా కనబడుతున్నది.

ఒకే గొలుసు నుంచి రెండు ముక్కలు

అమైనో ఆమ్లాలు వరుసగా అతుక్కొని ఏర్పడిన గొలుసు పొడవైతే ప్రొటీను అనీ, పొట్టిదైతే పెప్టైడు అనీ అంటారు. రెంటికీ మధ్య గట్టి సరిహద్దేమీ లేదు. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను నేరుగా తయారు చేయవు. మొదట 86 అమైనో ఆమ్లాల ప్రోఇన్సులిన్ అనే ఒకే గొలుసును నిర్మించి, దాన్ని ఎంజైములతో రెండు చోట్ల కత్తిరిస్తాయని షికాగో విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ స్టైనర్ పరిశోధన 1967లో వెల్లడించింది. కత్తిరింపులో నాలుగు అమైనో ఆమ్లాలు రాలిపోగా, రెండు కొసలూ కలిసి 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ అవుతుంది, నడిమి భాగం 31 అమైనో ఆమ్లాల సి-పెప్టైడుగా విడిపోతుంది. ఒక ఇన్సులిన్ అణువు పుట్టినప్పుడల్లా ఒక సి-పెప్టైడు అణువు కూడా పుట్టి, రెండూ కలిసే రక్తంలోకి విడుదలవుతాయి.

అలాంటప్పుడు ఇన్సులిన్‌నే కొలవక ఈ విడి ముక్కను ఎందుకు కొలవాలన్న సందేహం సహజం. క్లోమం నుంచి వెలువడిన ఇన్సులిన్ ముందుగా కాలేయం గుండా పోవలసి ఉన్నందున అందులో సుమారు సగం అక్కడే ఖర్చవుతుంది. మిగిలినది కూడా నాలుగైదు నిమిషాల్లో సగానికి పడిపోతుంది. సి-పెప్టైడును కాలేయం దాదాపుగా ముట్టదు, అది సగానికి తగ్గడానికి సుమారు అరగంట పడుతుంది, కాబట్టి క్లోమం చేస్తున్న పనికి అది నిలకడైన కొలత. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటుంది: మందుల దుకాణంలో దొరికే ఇన్సులిన్‌లో సి-పెప్టైడు ఉండదు. అందుచేత ఏళ్ల తరబడి సూది వేసుకుంటున్న రోగి రక్తంలో కూడా, ఆ మనిషి సొంత క్లోమం ఎంత ఇస్తున్నదో సి-పెప్టైడు చెప్పగలదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోయినవారిలో ఇన్సులిన్ ఎక్కువగానూ సి-పెప్టైడు తక్కువగానూ ఉంటే, ఆ ఇన్సులిన్ బయటి నుంచి వచ్చినదని వైద్యులూ, ఒక్కోసారి న్యాయస్థానాలూ నిర్ధారించేది ఈ తర్కంతోనే.

కోట్ల రెట్ల తేడా

రక్తం గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టంలోకి తీసి, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పితే కణాలు అడుగుకు చేరి, పైన లేత పసుపు రంగు ద్రవం తేరుతుంది, అదే ప్లాస్మా. గడ్డకట్టనిచ్చి తీసినదైతే సీరం అంటారు. లీటరు ప్లాస్మాలో ఒక్క అల్బుమిన్ ప్రొటీనే సుమారు 40 గ్రాములు ఉంటుంది. పరగడుపున సి-పెప్టైడు అదే లీటరులో ఒకటి, రెండు మైక్రోగ్రాములకు మించదు, అంటే బరువులో అల్బుమిన్ దానికన్నా రెండు నుంచి నాలుగు కోట్ల రెట్లు ఎక్కువ. ఇక ఆ ప్లాస్మాలోనే వేలాది ఇతర ప్రొటీన్లు, పెప్టైడులు, కొవ్వులు, లవణాలు కూడా ఉన్నాయి. ఈ పరీక్షలోని కష్టమంతా సి-పెప్టైడును చూడడంలో కన్నా, దాని చుట్టూ ఉన్నవాటిని తప్పించడంలో ఉంది.

సాధారణ ల్యాబులు ఈ పనిని ప్రతిరక్షకాలకు అప్పగిస్తాయి. సి-పెప్టైడు ఆకారాన్ని గుర్తుపట్టి పట్టుకొనేలా తయారుచేసిన ప్రతిరక్షకాలను ప్లాస్మాలో కలిపి, పట్టుబడిన దాన్నిబట్టి వెలుగు వచ్చేలా చేసి, ఆ వెలుగును కొలుస్తారు. ఇది వేగమైన, చవకైన, చాలా సందర్భాల్లో సరిపోయే పద్ధతి. కాని సి-పెప్టైడు ఇంకా విడిపోని ప్రోఇన్సులిన్‌ను కూడా కొన్ని ప్రతిరక్షకాలు అదే అనుకొని పట్టుకుంటాయి. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు అధిక మోతాదులో మింగేవారి విషయంలో, బయోటిన్‌ను ఆధారం చేసుకొని పనిచేసే కిట్లు తప్పు అంకెలు ఇవ్వగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. ఒకే నమూనాను రెండు కంపెనీల కిట్లతో కొలిస్తే రెండు రకాల సి-పెప్టైడు అంకెలు రావడం చాలాకాలంగా తెలిసిన సమస్య. దాన్ని సరిదిద్దడానికి మిస్సోరి విశ్వవిద్యాలయం కేంద్రంగా సాగుతున్న ప్రామాణీకరణ కార్యక్రమం కిట్లన్నిటినీ ద్రవ క్రోమటోగ్రఫీ, అణువులను బరువుతో గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ జంటగా ఇచ్చే కొలతతో సరిపోల్చి సవరించే మార్గాన్ని ఎంచుకుంది. రోజువారీ పరీక్ష ప్రతిరక్షకంతో జరిగినా, దానికి తూకపురాళ్లు క్రోమటోగ్రఫీ నుంచే వస్తాయన్నమాట.

కాలమ్ లోపల జరిగేది

క్రోమటోగ్రఫీకి ఆద్యుడు రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్. ఆకుల నుంచి తీసిన రంగుల మిశ్రమాన్ని సుద్దపొడి దట్టించిన గాజు గొట్టం గుండా పోనిచ్చి, పచ్చని, పసుపుపచ్చని పదార్థాలు వేర్వేరు పట్టీలుగా విడిపోవడాన్ని ఆయన 1903లో వివరించాడు. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలకు ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ దీనికి కొత్త రూపం ఇచ్చి 1952లో నోబెల్ బహుమతి పొందారు. సూత్రం నేటికీ మారలేదు; మారినవి రేణువులూ, ద్రవమూ, పంపూ.

నేటి యంత్రంలో కాలమ్ అనేది జానెడు పొడవు కూడా లేని ఉక్కు గొట్టం. అందులో రెండు నుంచి అయిదు మైక్రాన్ల సిలికా రేణువులు దట్టించి ఉంటాయి. ప్రతి రేణువు ఉపరితలానికీ 18 కార్బన్ల పొడవున్న, జిడ్డు స్వభావం గల పోగులు అతికించి ఉంటాయి. రేణువులు ఎంత సన్నగా ఉంటే విభజన అంత నిశితంగా జరుగుతుంది గాని, అంత ఇరుకైన సందుల్లోంచి ద్రవం కదలాలంటే వాతావరణ పీడనానికి వందల రెట్ల ఒత్తిడితో పంపు తోయవలసి ఉంటుంది. ముందుగా ప్లాస్మాకు అసిటోనైట్రైల్ వంటి ద్రావణిని కలిపి పెద్ద ప్రొటీన్లను విరిచి తీసేసి, మిగిలిన తేటను మరోసారి శుద్ధి చేసి, అందులోంచి కొన్ని మైక్రోలీటర్లను కాలమ్ మొదట్లోకి ఎక్కిస్తారు. ఆ తరువాత ఆమ్లం కలిపిన నీరు కాలమ్ గుండా నిరంతరంగా ప్రవహిస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఏదైనా తీర్థం జరిగేటప్పుడు ఒకే వీధిలోకి ఒకేసారి వంద మంది ప్రవేశించారనుకుంటే, కొట్ల మీద ధ్యాస లేనివారు వీధి చివరికి ముందుగా చేరతారు, ప్రతి గాజుల కొట్టు దగ్గరా నిలబడేవారు వెనకబడతారు, కొందరు మొదటి కొట్టునే వదలరు. కాలమ్‌లో కూడా నీటిని ఇష్టపడే అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్న పెప్టైడులు ద్రవంతోపాటు సాగిపోతాయి, జిడ్డును ఇష్టపడేవి రేణువులను పట్టుకొని ఆగుతాయి. ఆగినవాటిని అక్కడే వదిలేయకుండా, నీటిలో అసిటోనైట్రైల్ పాలును నిమిషనిమిషానికి పెంచుతారు; పొద్దుపోయి కొట్లు కట్టేసే కొద్దీ చివరివారు కూడా కదలక తప్పనట్టే, ద్రవంలో ఆ పాలు పెరిగే కొద్దీ రేణువుల ఆకర్షణ తగ్గి ఒక్కొక్క పెప్టైడు తన వంతు వచ్చినప్పుడు బయటపడుతుంది. పరిస్థితులు మారనంతవరకు ఒక పెప్టైడు బయటికి వచ్చే సమయం కూడా మారదు. సి-పెప్టైడు ఫలానా నిమిషానికి వస్తుందని ముందే తెలిసినప్పుడు, ఆ నిమిషంలో వచ్చినదాన్ని పరీక్షిస్తే చాలు.

అయితే ఒకే సమయానికి వీధి చివరికి చేరినవారందరూ ఒకే ఊరివారు కానట్టే, అదే నిమిషంలో వేరే పెప్టైడులు కూడా బయటపడవచ్చు. అందుకే కాలమ్ కొసకు మాస్ స్పెక్ట్రోమీటర్‌ను జతచేస్తారు.

బరువుతో గుర్తుపట్టడం

కాలమ్ నుంచి వచ్చే ద్రవాన్ని అధిక వోల్టేజీ ఉన్న సన్నటి సూది మొన నుంచి తుంపరగా చిమ్మితే, తుంపరలోని ద్రావణి ఆవిరై, పెప్టైడు అణువులు విద్యుదావేశంతో గాలిలో మిగులుతాయి. పెద్ద జీవాణువులను చెదరగొట్టకుండా ఈ రీతిలో తూచవచ్చని చూపిన జాన్ ఫెన్‌కు 2002 రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. సి-పెప్టైడు బరువు సుమారు 3,020 డాల్టన్లు. యంత్రం ఆ బరువున్నవాటినే లోపలికి రానిచ్చి, వాయువు అణువులతో ఢీకొట్టించి ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను కూడా చూస్తుంది. బయటికి వచ్చిన సమయం, మొత్తం బరువు, ముక్కల బరువు అనే మూడు గుర్తులూ కలిసినప్పుడే అది సి-పెప్టైడు.

ముక్కలదాకా పోవలసిన అవసరం ఏమిటో ఇన్సులిన్ మందులు చక్కగా తెలియజేస్తాయి. లిస్ప్రో అనే వేగవంతమైన ఇన్సులిన్‌లో పక్కపక్కన ఉన్న రెండు అమైనో ఆమ్లాల స్థానాలు తారుమారయ్యాయి, అంతే. దాని బరువు మనిషి ఇన్సులిన్ బరువుతో సరిగ్గా సమానం. మొత్తం బరువు మాత్రమే చూసే యంత్రానికి ఆ రెండూ ఒకటిగానే కనబడతాయి, ముక్కలు చేసి చూసే యంత్రానికి అలా కనబడవు.

గుర్తించడం ఒక ఎత్తు, ఎంత ఉందో చెప్పడం మరొక ఎత్తు. శుద్ధి చేసే ప్రతి దశలోనూ కొంత సి-పెప్టైడు నష్టమవుతుంది, ఎంత నష్టమయిందో నేరుగా తెలియదు. దీనికి కనుగొన్న ఉపాయం ఈ పద్ధతి మొత్తంలో అత్యంత తెలివైనదని చెప్పవచ్చు. అదే పెప్టైడును బరువైన కార్బన్, నైట్రోజన్ పరమాణువులతో ప్రయోగశాలలో తయారుచేసి, తెలిసిన పరిమాణంలో ప్లాస్మాలో మొదటనే కలుపుతారు. రసాయన స్వభావంలో రెంటికీ తేడా లేనందున ఎక్కడ ఎంత పోయినా రెండూ ఒకే పాళ్లలో పోతాయి, బరువులో తేడా ఉన్నందున చివరికి యంత్రం వాటిని వేర్వేరుగా లెక్కిస్తుంది. రెంటి నిష్పత్తి తెలిస్తే, మొదట రక్తంలో ఎంత ఉండేదో తెలిసినట్టే.

పెట్టెలో: ‘మూడు నెలల షుగర్’ వెనుక ఆరు అమైనో ఆమ్లాలు

మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు మీద ‘పద్ధతి: హెచ్‌పీఎల్‌సీ’ అని ఉండడం చాలామంది చూసే ఉంటారు; అది అధిక పీడన ద్రవ క్రోమటోగ్రఫీయే. ల్యాబులో హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేయకుండా, విద్యుదావేశంలోని తేడాలను బట్టి వేరుచేసి, చక్కెర అంటినది ఎంత శాతమో లెక్కిస్తారు. ఈ యంత్రాలన్నిటికీ ప్రమాణంగా అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య ఆమోదించిన పద్ధతి మాత్రం పెప్టైడు పద్ధతి: హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదటి ఆరు అమైనో ఆమ్లాలను ఒక ఎంజైముతో కోసి, చక్కెర అంటిన ముక్కలనూ అంటనివాటినీ క్రోమటోగ్రఫీతో విడదీసి లెక్కిస్తారు. ఆ ఎంజైము గ్లుటామిక్ ఆమ్లం తరువాతే కోస్తుంది. సికిల్ సెల్ హిమోగ్లోబిన్‌లో మారినది సరిగ్గా ఆ ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లమే కావడం వల్ల, అక్కడ కోత ఒక స్థానం అవతలికి జరుగుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గిరిజనుల్లో సికిల్ సెల్ ఉన్నందున, ఆ ప్రాంతం నుంచి వచ్చే రక్తంలో హెచ్‌బీఏ1సీ అంకెను ఆ జాగ్రత్తతోనే చదవాలి.

గొట్టంలో గడిచే తొలి గంటలు

ఇంత సూక్ష్మమైన యంత్రం కూడా తన ముందుకు వచ్చిన నమూనాలో ఏముందో దాన్నే చెబుతుంది. రక్తం తీసిన క్షణంలో ఏముండేదో చెప్పలేదు. రక్తంలో పెప్టైడులను కోసే ఎంజైములు నిత్యం ఉంటాయి, గొట్టంలో పోసినంత మాత్రాన అవి పని మానవు. రక్తపోటుతోనూ వాపుతోనూ సంబంధమున్న బ్రాడీకైనిన్, తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడు, అర నిమిషమైనా నిలవదు. భోజనం తరువాత పేగుల నుంచి వెలువడే జీఎల్‌పీ-1 సగం కావడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. ఇప్పుడు ప్రచారంలో ఉన్న సెమాగ్లూటైడ్ మందు ఆ పెప్టైడును ఎంజైముకు లొంగకుండా మార్చి తయారుచేసినదే. అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించే 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్‌ను కొలవాలంటే రక్తాన్ని మంచులో ఉంచి త్వరగా ప్లాస్మా వేరుచేయాలి. గుండె వైఫల్యాన్ని సూచించే బీఎన్‌పీ గంటల్లోనే తరుగుతుంది, దాంతోపాటు పుట్టే 76 అమైనో ఆమ్లాల తోటి ముక్క, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఎంతో మెరుగ్గా నిలుస్తుంది. సుదూర ప్రాంతాల నుంచి నమూనాలు పంపవలసిన చోట ఆ రెండోదే మేలు.

కనకాలపేటలో తీసిన రక్తం విషయంలో ఈ తేడాలు పుస్తక విషయాలుగా ఉండవు. యానాంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 2024 ఫిబ్రవరిలో జిప్మర్ వారి 90 పడకల బహుళ నైపుణ్య కేంద్రం కూడా ప్రారంభమైంది. అయినా ప్రత్యేక హార్మోను పరీక్షలకు నమూనా కాకినాడకు పోవాలంటే సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించాలి. పెప్టైడులను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో విశ్లేషించే నైపుణ్యం పాతుకుపోయిన సీసీఎంబీ, ఐఐసీటీ వంటి పరిశోధన సంస్థలు హైదరాబాదులో ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం కొరియర్ సంచిలో ఉన్న గొట్టానికి జరిగే నష్టాన్ని కోట్లు ఖరీదు చేసే ఏ యంత్రమూ పూడ్చలేదు.

సి-పెప్టైడు ఈ విషయంలో కొంత అదృష్టవంతమైన అణువు. రక్తాన్ని ఈడీటీఏ ఉన్న ఊదా మూత గొట్టంలో తీస్తే, గది ఉష్ణోగ్రతలో కూడా సి-పెప్టైడు, ఇన్సులిన్ రెండూ 24 గంటలకు పైగా నిలుస్తాయని 2012లో ప్రచురితమైన బ్రిటిష్ అధ్యయనం చూపింది. లోహ అయానుల సాయంతో పనిచేసే ఎంజైములకు ఆ అయానులు అందకుండా ఈడీటీఏ బంధించడం ఇందుకు తోడ్పడుతుంది. రక్తకణాల లెక్కకూ హెచ్‌బీఏ1సీకీ వాడేది ఆ ఊదా మూత గొట్టమే, కాబట్టి చిన్న ఊరి ల్యాబుకు కూడా అది కొత్త ఖర్చు కాదు. సూది సరిగా పడక ఎర్రకణాలు పగిలితే మాత్రం వాటిలోని ఎంజైము బయటపడి ఇన్సులిన్‌ను తినేస్తుంది. అలా ఎర్రబారిన ప్లాస్మాతో పరీక్ష చేయడం కన్నా మళ్లీ రక్తం తీయడమే మంచిది.

ఇంకొక మార్గం తెలుగు నేల మీద ఇప్పటికే నడిచి చూసినదే. రాధా రమాదేవి, నౌషాద్ 2004లో వెలువరించిన అధ్యయనంలో, హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పసికందుల మడమ నుంచి తీసిన రక్తాన్ని వడపోత కాగితం మీద ఆరబెట్టి, పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాల కోసం పరీక్షించారు. ఆరిన రక్తంలో నీరు లేనందున ఎంజైముల పని మందగిస్తుంది, కాగితాన్ని కవరులో పెట్టి పంపవచ్చు. సి-పెప్టైడును కూడా ఇలాంటి చుక్కల నుంచి కొలవవచ్చని ఇతర దేశాల పరిశోధనల్లో రుజువైంది. గోదావరి డెల్టా పల్లెలకు ఖరీదైన యంత్రాల కన్నా ముందు కావలసినది ఇలాంటి నమూనా సేకరణ వ్యవస్థే.

అంకెను చదివేటప్పుడు

భోజనంతో నిమిత్తం లేకుండా తీసిన రక్తంలో సి-పెప్టైడు మిల్లీలీటరుకు సుమారు 0.6 నానోగ్రాముల కన్నా తక్కువైతే క్లోమం దాదాపు చేతులెత్తేసిందనీ, 1.8 దాటితే రెండో రకం వైపు మొగ్గు ఉందనీ స్థూలంగా చెబుతారు; మధ్యలో ఉన్నవారిని కొంతకాలం తరువాత మళ్లీ పరీక్షించాలి. చక్కెర బాగా తక్కువగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుడి క్లోమం కూడా ఇన్సులిన్ విడుదలను ఆపుతుంది, కాబట్టి సి-పెప్టైడుతోపాటే, అదే రక్తంలో గ్లూకోజును కూడా కొలవాలి. సి-పెప్టైడును శరీరం నుంచి తొలగించే పనిలో ఎక్కువ భాగం మూత్రపిండాలదే కావడంతో, అవి దెబ్బతిన్నవారిలో అంకె పెరిగి కనబడి, క్లోమం నిజానికన్నా బాగా పనిచేస్తున్నదన్న భ్రమ కలిగిస్తుంది. చక్కెర విపరీతంగా పెరిగి ఆసుపత్రిలో చేరినవారిలో బీటా కణాలు తాత్కాలికంగా అలసి ఉంటాయి గనుక రెండు వారాలైనా ఆగి కొలవడం మంచిది.

పరీక్షకు వెళ్లేవారు బయోటిన్ మాత్రల సంగతి, మూత్రపిండాల జబ్బు సంగతి, చివరిసారి తిన్న వేళ, వాడుతున్న ఇన్సులిన్ పేరు ల్యాబులో చెప్పాలి. రక్తం ఏ గొట్టంలో తీశారో, ప్లాస్మా ఎప్పుడు వేరుచేస్తారో అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఒక్క సి-పెప్టైడు అంకెను చూసుకొని ఎవరూ సొంతంగా ఇన్సులిన్ మానకూడదు.